ఇంటి తాళాలు అప్పగించవలసి వచ్చినప్పుడు

సర్వస్తోత్రాలు సకల లోకాల ప్రభువైన అల్లాహ్‌కే శోభిస్తాయి. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (స)పై, ఆయన కుటుంబీకులపై, సహచరులపై శాంతి శుభాలు వర్షించుగాక.



ప్రతి జుమాకు మొదటి సఫ్‌లో నిలబడే మనిషి ఒక వారం వెనుక సఫ్‌లోకి జరుగుతాడు. కొన్నాళ్ళకు ఖుత్బా ముగిసే వేళకు వచ్చి, సలాం తిప్పగానే చెప్పులు వేసుకొని వెళ్ళిపోతాడు. ఆ తరువాత అసలే రాడు. ఊరు విడిచాడేమో, జబ్బుపడ్డాడేమో అనుకుంటాము. చాలా సందర్భాలలో కారణం అప్పు. బాకీ ఇచ్చినవాడు అదే మస్జిద్‌లో నమాజు చేస్తున్నాడు. లేదా బ్యాంకువారు ఇంటి తలుపుకు అతికించిన నోటీసును వీధిలోనివారంతా చదివారు. ఆ ముఖాలను చూడలేక అతడు అల్లాహ్ గృహానికే దూరమవుతున్నాడు. నేటి ఖుత్బా ఆ సోదరుని కోసం. అతడు ఈ వేళ ఇక్కడ లేకపోతే, ఈ పుస్తకాన్ని అతని ఇంటికి చేర్చండి.

దైవప్రవక్త (స) తమ నమాజులో అప్పు నుండి అల్లాహ్ శరణు వేడుకునేవారు. ఇంత తరచుగా అప్పు నుండి శరణు ఎందుకు కోరుతారని అడిగితే, అప్పులో పడిన మనిషి మాట్లాడితే అబద్ధమాడతాడు, మాట ఇస్తే తప్పుతాడు అనే భావంలో ఆయన జవాబిచ్చారని బుఖారీ గ్రంథంలో ఉంది. అంటే ఆయన భయపడినది పేదరికానికి కాదు, అప్పు మనిషి నాలుకను ఏమి చేస్తుందో దానికి. ‘సోమవారం కడతాను’, ‘మా వాడు దుబాయి నుండి పంపుతున్నాడు’, ‘నేను ఊళ్ళో లేను’. ఈ మాటలు మొదలైన నాటి నుండే అసలు నష్టం మొదలవుతుంది. ఇల్లు పోవడం ఆ తరువాతి సంగతి.

ముందుగా ఒక అపోహను తొలగించుకోవాలి. ‘వడ్డీ హరామ్ గదా, బ్యాంకు అప్పు ఎగవేస్తే పాపమేమిటి?’ అని కొందరు అడుగుతారు. వడ్డీ ఒప్పందంలోకి వెళ్ళడం పాపమే, దానికి తౌబా చేయవలసిందే. కాని బఖరా సూరా 279వ ఆయతు తౌబా చేసిన రుణదాతకు అతని అసలు సొమ్ముపై హక్కును నిలిపింది. అన్యాయం చేయరాదు, అన్యాయానికి గురికారాదు అన్నది అక్కడి నియమం. ఆ వెంటనే వచ్చే 280వ ఆయతులో, అప్పు తీసుకున్నవాడు ఇబ్బందిలో ఉంటే వెసులుబాటు కలిగే వరకు గడువు ఇవ్వాలనీ, మాఫీ చేయడం మరింత మేలనీ అల్లాహ్ బోధించాడు. ఈ రెండు ఆయతులను పక్కపక్కనే ఉంచి చదవాలి. మొదటిది రుణగ్రస్తుని బాధ్యతను, రెండవది రుణదాత బాధ్యతను గుర్తుచేస్తుంది. బ్యాంకు రెండవ దానిని పాటించలేదని మనం మొదటి దానిని వదిలివేయలేము.

మన తెలుగునాట ‘ఐ.పి. పెట్టాడు’ అనే మాట ఒకటి ఉంది. ఇన్‌సాల్వెన్సీ పిటిషన్ అనే కోర్టు మాట నుండి అది పుట్టింది. చీటీల సొమ్ము దండుకొని రాత్రికి రాత్రి పారిపోయినవాడికీ, దుకాణం కాలిపోయి నిజంగా చితికిపోయినవాడికీ మనం ఆ ఒక్క మాటే వాడుతున్నాము. ఇది న్యాయం కాదు. స్తోమత ఉండి వాయిదా వేయడాన్ని దైవప్రవక్త (స) దౌర్జన్యమన్నారు. స్తోమత లేనివాని విషయంలో ఆయన వ్యవహరించిన తీరు వేరు. ఆయన కాలంలో ఒక వ్యక్తి కొన్న పండ్ల పంట దెబ్బతిని అప్పులపాలయ్యాడు. అతనికి దానం చేయండని ప్రవక్త (స) ప్రజలను కోరారు. ప్రజలు ఇచ్చారు, అయినా అప్పుకు చాలలేదు. అప్పుడు ఆయన అప్పులవారితో, దొరికినంత తీసుకోండి, అంతకు మించి మీకు లేదని తేల్చి చెప్పారు. అబూ సయీద్ ఖుద్రీ (రజి) ఉల్లేఖించిన ఈ హదీసు ముస్లిం గ్రంథంలో ఉంది. ఆ మనిషిని ఎవరూ మోసగాడనలేదు, సమాజం నుండి వెలివేయలేదు.

ఇక చట్టం సంగతికి వద్దాం. మనలో అనేకులు ఐ.పి. పెడితే ఇల్లు నిలుస్తుందని నమ్ముతారు. సామాన్య వ్యక్తి వేసే ఆ పిటిషన్‌కు 1920 నాటి దివాలా చట్టం ఆధారం. చేబదుళ్ళు, ప్రామిసరీ నోట్లు వంటి తాకట్టు లేని అప్పుల విషయంలో అది కొంత రక్షణ ఇవ్వవచ్చు. కాని తాకట్టు పెట్టుకున్న రుణదాత హక్కును ఆ చట్టం ముట్టుకోదు. కోర్టు మనిషిని దివాలాదారుగా ప్రకటించినా, బ్యాంకు తన తాకట్టు ఇంటిని అమ్ముకోవచ్చు. కనుక ప్లీడరు ఫీజు చెల్లించే ముందే ఈ సంగతి తెలుసుకోవాలి.

బ్యాంకులకు, గృహరుణ సంస్థలకు 2002 నాటి సర్ఫేసీ చట్టం కోర్టుకు వెళ్ళకుండానే తాకట్టు ఇంటిని స్వాధీనం చేసుకునే అధికారం ఇచ్చింది. అయితే ఆ అధికారానికి మెట్లు ఉన్నాయి. ఒక్కొక్క మెట్టు దగ్గర అప్పు తీసుకున్నవానికి ఒక మాట మాట్లాడే అవకాశం ఉంది. విచారమేమంటే, మనవారు ఆ మెట్లన్నిటినీ మౌనంగా దాటనిచ్చి, చివరి రోజున తలుపు దగ్గర పోలీసులను చూసి మేల్కొంటారు.

వాయిదా 90 రోజులు దాటి బకాయిపడితే ఆ ఖాతాను మొండి బకాయిగా పరిగణిస్తారు. అప్పుడు 13(2) సెక్షను కింద నోటీసు వస్తుంది, మొత్తం బాకీ కట్టడానికి 60 రోజుల గడువు ఇస్తారు. ఈ కవరును వెనక్కు పంపవద్దు. తీసుకోకపోతే దానిని తలుపుకు అతికిస్తారు, పత్రికలలో వేస్తారు. అది అందినట్లే లెక్క. తీసుకొని, చదివించుకొని, జవాబు వ్రాయండి. లెక్కలో తప్పుంటే, కట్టిన వాయిదా జమకాకపోతే, జబ్బు వల్లనో ఉద్యోగం పోవడం వల్లనో గడువు కావలసివస్తే, అదంతా కాగితంపై పెట్టండి. మీ అభ్యంతరాన్ని బ్యాంకు ఆమోదించకపోతే, అందుకు కారణాలను 15 రోజులలో తెలియజేయాలని చట్టం చెబుతున్నది. నోటిమాటగా మేనేజరుతో చెప్పుకున్న గోడు ఏ ఫైలులోనూ ఉండదు. దివ్య ఖుర్ఆన్‌లో అన్నిటికన్నా సుదీర్ఘమైన ఆయతు అప్పును వ్రాసి పెట్టుకొమ్మని చెప్పే ఆయతేనన్న విషయం మనకు తెలుసు. అప్పు తీసుకున్న రోజుకే కాదు, తీర్చలేకపోయిన రోజుకూ ఆ వ్రాత అవసరమే.

60 రోజులు గడిచాక బ్యాంకు స్వాధీన నోటీసు ఇస్తుంది. ఇల్లు ఖాళీ చేయించడానికి మేజిస్ట్రేటు సహాయం కోరుతుంది. బ్యాంకు చర్య చట్టవిరుద్ధమని భావిస్తే 45 రోజులలోపు రుణ వసూళ్ల ట్రిబ్యునల్‌ను ఆశ్రయించవచ్చు. మన రెండు రాష్ట్రాలలో ఇవి హైదరాబాదులో, విశాఖపట్నంలో ఉన్నాయి. వేలానికి ముందు గుర్తింపు పొందిన మదింపుదారుతో విలువ కట్టించాలి, రిజర్వు ధర నిర్ణయించాలి, మొదటి వేలానికి మీకు 30 రోజుల నోటీసు ఇవ్వాలి. బాకీ మొత్తం చెల్లించి ఇంటిని విడిపించుకునే హక్కు వేలం ప్రకటన వెలువడే వరకే. 2016 సవరణ తరువాత ఈ గడువు ఇలా కుదించుకుపోయింది. ‘వేలం రోజున డబ్బు పట్టుకు వెళ్ళి ఆపేస్తాను’ అనే పాత ధైర్యం ఇప్పుడు పనిచేయదు.

సోదరులారా, ఇల్లు నిలుపుకోలేమని తేలిపోయిన ఘడియ ఒకటి వస్తుంది. దానిని గుర్తించడం కష్టం, ఎందుకంటే మనసు ఒప్పుకోదు. ఒక లెక్క చూద్దాం. 25 లక్షల అప్పు, 9 శాతం వడ్డీ, 20 ఏళ్ళ గడువు. నెలసరి వాయిదా సుమారు 22,500 రూపాయలు. అయిదేళ్ళు క్రమం తప్పక కడితే సుమారు 13 లక్షల 50 వేలు కట్టినట్లు. అందులో అసలు తగ్గేది 3 లక్షల కన్నా తక్కువ, ఇంకా 22 లక్షలకు పైగా మిగిలే ఉంటుంది. ‘ఇన్నేళ్ళు కట్టాను, ఇల్లు సగం నాదే’ అనుకొని, దానిని కాపాడుకోవడానికి వడ్డీ వ్యాపారి దగ్గర మరో అప్పు చేస్తాడు. విజయవాడలో 2015లో బయటపడిన కాల్‌మనీ దారుణాలను ఈ ప్రాంతంవారు మరచిపోలేదు. బ్యాంకు వాయిదా కట్టడానికి కాల్‌మనీ తేవడం, ఫోను యాప్‌లో అప్పు తీయడం, పెళ్ళినాడు మహర్‌గా ఇచ్చిన నగను భార్య నుండి అడిగి తాకట్టు పెట్టడం: ఇవి ఇంటిని నిలిపిన సందర్భాలు బహు అరుదు. మహర్ ఆమె సొమ్ము. ఆమె మనస్ఫూర్తిగా ఇస్తే వేరు, కన్నీళ్ళ మధ్య ఇచ్చినది మనస్ఫూర్తి కాదు. పైగా ఇంటి అప్పు పత్రాలలో అనేకచోట్ల ఆమె సంతకం కూడా ఉంటుంది. కనుక నోటీసును ఆమె నుండి దాచిపెట్టడం దయ అనిపించుకోదు, ఆమెపై వచ్చే బాధ్యత ఏమిటో ఆమెకు తెలియాలి.

ఆ ఘడియ వచ్చిందని తెలిసినప్పుడు, వేలం వరకు ఆగకుండా ఇంటిని తామే అమ్ముకోవడం చాలావరకు మేలు. ఇమామ్ అబూ హనీఫా (రహ్మ) అభిప్రాయంలో న్యాయమూర్తి రుణగ్రస్తుని ఆస్తిని తానుగా అమ్మరాదు, అతడే అమ్మి తీర్చేలా అతనిపై ఒత్తిడి తేవాలి. ఆయన శిష్యులు అబూ యూసుఫ్, ముహమ్మద్ (రహ్మ) మాత్రం న్యాయమూర్తి అమ్మవచ్చునన్నారు. ఇద్దరి మాటలోనూ రుణగ్రస్తుడు స్వయంగా ముందుకు రావడమే ఉత్తమం. అయితే 13(2) నోటీసు అందిన తరువాత బ్యాంకు లిఖితపూర్వక అనుమతి లేకుండా ఇంటిని అమ్మరాదు. కొనేవానిని వెంటబెట్టుకొని బ్యాంకుకు వెళ్ళండి, అనుమతి కాగితం తీసుకోండి. నోటీసు భయంతో ఇంటిని బావమరిది పేరనో, కుమారుని పేరనో మార్చడం చట్టం ముందు నిలవదు, అల్లాహ్ ముందు అసలే నిలవదు.

అమ్మకం కుదరక, తాళాలు అప్పగించడమే మిగిలితే, దానినీ మర్యాదగా చేయండి. తలుపులు, కిటికీలు, బోరు మోటారు ఊడదీసుకొని పోయినవారిని చూశాము. ఆ పని ఇంటి విలువను తగ్గించి, తిరిగి వారి బాకీనే పెంచుతుంది. ఏ తేదీన, ఏ గంటకు, ఎవరికి, ఎన్ని తాళాలు ఇచ్చారో వ్రాసి, అధికారి సంతకం తీసుకోండి. కరెంటు మీటరు రీడింగును, గదుల స్థితిని ఫోటో తీయండి. మీ కొత్త చిరునామాను బ్యాంకుకు వ్రాతపూర్వకంగా ఇవ్వండి. చిరునామా ఇస్తే వెంటపడతారని భయపడేవారు ఒకటి గుర్తుంచుకోవాలి: వేలం నోటీసు, మిగులు సొమ్ము లెక్క మీకు చేరవలసినది కూడా ఆ చిరునామాకే.

తాళాలు ఇచ్చినంత మాత్రాన అప్పు తీరిపోయినట్లు కాదు. ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. 24 లక్షల బాకీ ఉండగా ఇల్లు వేలంలో 20 లక్షలకే పోతే, మిగిలిన 4 లక్షల కోసం, ఖర్చుల కోసం బ్యాంకు మీపై చర్య తీసుకోవచ్చు. జామీను సంతకం చేసినవారిపై కూడా తీసుకోవచ్చు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం హామీదారు బాధ్యత అసలు రుణగ్రస్తుని బాధ్యతతో సమానం. మీ కోసం సంతకం చేసిన మిత్రునికి ఈ సంగతి మీరే ముందుగా చెప్పండి, అతడు నోటీసు ద్వారా తెలుసుకోకూడదు. అదే ఇల్లు 28 లక్షలకు పోతే, బాకీ, ఖర్చులు పోగా మిగిలినది మీది. దానిని అడిగి తీసుకోండి. అజ్ఞాన కాలంలో గడువు దాటితే తాకట్టు వస్తువు మొత్తాన్ని రుణదాతే ఉంచుకునేవాడు. తాకట్టు అలా వశమైపోదని దైవప్రవక్త (స) ఆ ఆచారాన్ని రద్దుచేశారు, ఇమామ్ మాలిక్ (రహ్మ) ముఅత్తాలో దీనిని ఉల్లేఖించారు. తాకట్టు పెట్టడంలో అవమానం లేదని కూడా ఆయన జీవితమే చెబుతున్నది. ఆయన పరమపదించే నాటికి ఆయన కవచం 30 సా ల బార్లీ కోసం ఒక యూదుని వద్ద తాకట్టులో ఉంది.

మిగిలిన బాకీపై రాజీ కుదుర్చుకోవచ్చు. కఅబ్ బిన్ మాలిక్ (రజి) తనకు రావలసిన అప్పు కోసం ఇబ్ను అబీ హద్రద్ (రజి)ను మస్జిద్‌లోనే నిలదీశారు. ఇద్దరి గొంతులు పెరిగాయి. ప్రవక్త (స) తమ గది తెర తొలగించి, సగం వదిలివేయమని కఅబ్‌కు సైగ చేశారు. కఅబ్ అంగీకరించగానే, లేచి మిగిలిన సగం చెల్లించమని రెండవవారిని ఆదేశించారు. తగ్గింపు ఎంత వెంటనే వచ్చిందో, చెల్లింపు ఆదేశమూ అంత వెంటనే వచ్చింది. బ్యాంకులు ఓ.టి.ఎస్. అని పిలిచే ఒకేసారి పరిష్కారం కూడా ఇలాంటిదే. ఎంత కట్టాలి, ఎప్పటిలోగా, కట్టాక ఇంకేమీ బాకీ ఉండదన్న వాక్యం: ఈ మూడూ బ్యాంకు లెటర్‌హెడ్‌పై చూడకుండా ఒక్క రూపాయి కట్టకండి. రికవరీ ఏజెంటు చేతికి నగదు ఇవ్వకండి. కట్టిన తరువాత బాకీ లేదన్న ధ్రువపత్రం తీసుకోండి. ఆ అప్పు కింద మరేదైనా ఆస్తి పత్రాలు బ్యాంకులో ఉంటే, అప్పు పూర్తిగా తీరిన 30 రోజులలో వాటిని తిరిగి ఇవ్వాలని రిజర్వు బ్యాంకు 2023లో ఆదేశించింది. ఆలస్యం బ్యాంకు వల్లనే జరిగితే రోజుకు 5,000 రూపాయల పరిహారం చెల్లించాలి.

ఏజెంట్లు ఉదయం 8 గంటలకు ముందు, సాయంత్రం 7 గంటల తరువాత ఫోను చేయరాదు. బెదిరించరాదు, బంధువుల ముందు పరువు తీయరాదు. ఫిర్యాదును ముందు బ్యాంకుకు వ్రాయండి. 30 రోజులలో సరైన జవాబు రాకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు వ్రాయవచ్చు, దానికి రుసుము లేదు.

మన పిల్లలు అమెరికాలో ఉంటే, అక్కడి పద్ధతి వేరని వారికి తెలియాలి. అక్కడ చాప్టర్ 7 దివాలా తీసి ఇంటిని అప్పగిస్తామని ప్రకటించినవారికి కోర్టు విముక్తి ఇస్తే, ఆ గృహరుణంపై వ్యక్తిగత బాధ్యత తొలగిపోతుంది. ఇంటిపై రుణదాత తాకట్టు హక్కు మాత్రం నిలిచే ఉంటుంది. రుణదాత వేలం పూర్తిచేసే వరకు దస్తావేజు మీ పేరనే ఉంటుంది, అందుకు నెలలు పట్టవచ్చు. అప్పటి వరకు ఆ ఇంటి సంఘానికి కట్టవలసిన కొత్త రుసుములు మీ మీదనే పడతాయి. అందుచేత ఇల్లు విడిచినా బీమాను, రుణదాతతో ఉత్తరాలను విడువవద్దు. విముక్తి తరువాత కూడా ఆ పాత బాకీని స్వయంగా కట్టమని ఒత్తిడి వస్తే, మీ న్యాయవాది ద్వారా కోర్టు ఉత్తర్వు ప్రతిని పంపండి.

చట్టం విముక్తి ఇస్తే అల్లాహ్ దగ్గర కూడా అయిపోయినట్లేనా? రుణదాత తానుగా మాఫీ చేయనంత వరకు, అసలు సొమ్ములో మిగిలినది మనిషి బాధ్యతలోనే ఉంటుందని, వెసులుబాటు కలిగిన నాడు చెల్లించాలని ఫఖీహులు చెప్పారు. రాజీ పత్రంలో బ్యాంకు వదులుకున్నది వదులుకున్నట్లే. లేని స్థితిలో చెల్లించలేకపోయినవానిని, చెల్లించాలన్న సంకల్పం ఉన్నంత వరకు, ఎవరూ పాపి అనరాదు.

రెండవ ఖుత్బా

సోదరులారా! ఒక జనాజాను తెచ్చినప్పుడు దైవప్రవక్త (స) ఇతనికి అప్పు ఉందా అని అడిగారు. మూడు దీనార్లు ఉన్నాయన్నారు. తీర్చడానికి ఏమీ విడిచిపోలేదన్నారు. మీరే నమాజు చేయండని ఆయన పక్కకు తప్పుకున్నారు. అబూ ఖతాదా (రజి) ఆ అప్పు నాది అన్న తరువాతనే నమాజు చేశారు. ఈ హదీసును మనం అప్పు తీసుకున్నవానిని భయపెట్టడానికే వాడుతున్నాము. అందులో అబూ ఖతాదా కూడా ఉన్నారు. ఆ సఫ్‌లో నిలబడినవారిలో ఒకరు మూడు దీనార్ల భారం ఎత్తుకున్నారు.

తౌబా సూరా 60వ ఆయతు జకాత్ పొందదగినవారి ఎనిమిది వర్గాలలో అప్పులలో చిక్కుకున్నవారిని చేర్చింది. మన జకాత్ పంపకంలో రమజాను కిట్లకు, చీరలకు చోటు దొరికినంతగా ఈ వర్గానికి దొరకడం లేదు. ఇల్లు అప్పగించిన కుటుంబానికి ఆ నెలలో కావలసినది రెండు నెలల అద్దె అడ్వాన్సు, పిల్లల బడి ఫీజు. అర్హత విచారించి వాటిని ఇవ్వండి. ఇల్లు పోయినవాడు అద్దె ఇల్లు అడిగితే, ‘వాడు ఐ.పి. మనిషి’ అని తలుపు వేయకండి.

ఇమాము సాహెబులకు, కమిటీ పెద్దలకు ఒక మనవి. ఈ ఖుత్బా చదివేటప్పుడు మీ ఊళ్ళో అందరికీ తెలిసిన ఉదాహరణ చెప్పకండి, పేరు తీయకపోయినా జనం గుర్తుపడతారు. ఆంగ్ల నోటీసు చదివి తెలుగులోనో ఉర్దూలోనో అర్థం చెప్పగలిగిన ఒకరిద్దరు చదువుకున్న యువకులను, వీలైతే ఒక న్యాయవాదిని, వారానికి ఒకరోజు అస్ర్ నమాజు తరువాత మస్జిద్ గదిలో కూర్చోబెట్టండి. నోటీసు తెచ్చినవారితో తలుపు దగ్గరగా వేసి మాట్లాడండి. నోటీసు మీది తేదీని ముందు చూడండి, 60 రోజులు అక్కడి నుండే మొదలవుతాయి.